ఇంటి బడి కాయితం

మా ఇంట్లో బడి పెట్టేటప్పుడు నన్నెవరూ అడగలేదు. నేను ముప్పై నాలుగేళ్ళు సర్కారు బడుల్లో చాక్‌పీసు పట్టినదాన్ని. అందులో చివరి తొమ్మిదేళ్ళు నారాయణగూడలో ఒక గల్లీ బడికి పెద్ద టీచరును. అయినా మా కోడలు మాధురి పిల్లవాణ్ణి బడి మాన్పించి ఇంట్లోనే చదివించబోతున్న సంగతి మొదట ఆమె ఫోన్‌లోని స్నేహితురాళ్ళకు తెలిసింది. తర్వాత మా అబ్బాయి ప్రహ్లాద్‌కు తెలిసింది. ఆ తర్వాత మా ఆయన కిషన్ రావు గారికి. నాకు ఆయన చెప్పారు, పేపరు మడుస్తూ.

"మన శశాంక్ ఇగ బడికి పోడట జయా. బడే మనింటికి వస్తదట."

"వచ్చి ఏడ కూసుంటదట?" అన్నాను.

"బాల్కనీల అంటున్నరు. నీ తులసి కుండీలు జరపాలె."

జరిపారు. తులసి బట్టలారేసే తీగ కిందికి పోయింది. దాని చోట్లో ఒక పొట్టి బల్ల వచ్చింది. దాని పేరు రుతువుల బల్ల. ఏ కాలంలో దొరికేవి ఆ కాలంలో దానిమీద పెట్టాలి, పిల్లవాడు వాటిని తాకాలి, వాసన చూడాలి, వాటితో ఏదో ఒకటి చేయాలి. పుస్తకం మాత్రం ఏడేళ్ళు నిండేదాకా చూడకూడదు. అప్పటికి శశాంక్‌కు ఐదు నిండాయి.

మేముండేది అశోక్ నగర్‌లో. ఇక్కడ ప్రతి రెండో బిల్డింగు కోచింగ్ సెంటరు, మూడోది హాస్టలు, వాటి మధ్యలో జిరాక్స్ షాపులు. ముప్పై ఏళ్ళు దాటిన పిల్లలు చెప్పులీడ్చుకుంటూ చేతిలో చాయ్, చంకలో నోట్సుతో తిరుగుతుంటారు. తెల్లారకముందే చిక్కడపల్లి లైబ్రరీ ముందు బ్యాగులు పెట్టి సీటు ఆపుకుంటారు. రాష్ట్రంలోని చదువంతా వచ్చి కూర్చున్న గల్లీలో, చదువు కంటపడకుండా పెరగాల్సిన పిల్లవాడు మా మనవడొక్కడే.

మాధురి వైపు మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం చేసినదాన్నవుతాను. ఆమె ఇంటర్ రెండేళ్ళూ ఊరి బయట హాస్టల్ కాలేజీలో చదివింది. పొద్దున నాలుగున్నరకు లేపి చదువుకు కూర్చోబెట్టేవారట. ఒకసారి చిక్కుడుకాయలు ఈనె తీస్తూ చెప్పింది. "ఆ రెండేండ్లల వాన పడ్డదో లేదో నాకు గుర్తు లేదు అత్తమ్మా. నా కొడుక్కు వాన గుర్తుండాలె, గంతే." ఆ రోజు నేను ఎదురు మాట్లాడలేకపోయాను.  మర్నాడు మాట్లాడాను, కాని అప్పటికే ఆలస్యమైంది.

పాఠాలకు ఒక చార్టు ఉంది. ఏదో చలిదేశం వాళ్ళు తయారుచేసింది. దాన్ని మా మూలమీది జిరాక్స్ షాపులో రంగుల్లో తీయించి హాల్లో అతికించింది. అక్టోబర్‌లో రాలిన ఎర్రటి ఆకులతో దండ గుచ్చాలని అందులో ఉంది. ఇందిరా పార్కుకు ఔటింగ్ పోయాం. బుట్ట, పూసల సూది, దారం, నేను. పార్కులో ఆకులన్నీ పచ్చగా నవనవలాడుతున్నాయి. ఊడ్చే బాలనాగమ్మను అడిగితే ఆమె చీపురు నడుముకు ఆనించి మాధురిని జాలిగా చూసింది.

"ఎర్రటాకులు ఇప్పుడేడున్నయమ్మా. బాదం చెట్టుకు చలి పోయేటప్పుడు వస్తయి. అప్పుడు రా, బస్తా కట్టిస్త."

చార్టు అన్నాళ్ళు ఆగదు కదా. ఇంటికొచ్చి పచ్చటి ఆకులకు ఎర్రరంగు పూసి దండ గుచ్చారు. డిసెంబర్‌లో మంచుమనిషి వచ్చాడు. నా దిండులోని దూది తీసి చేశారు. మా ఆయన ఫ్యాను వేసేసరికి మంచుమనిషి ఇల్లంతా పరుచుకున్నాడు. దోమలగూడలో ఉండే మా ఆడపడుచు ఆ వేళకే వచ్చి, "ఏంది వదినా, దూదేకులోళ్ళను పిలిపించినవా?" అంది.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉండేవి. నాకు నవ్వురానిది ఒక్కటే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి జూన్‌లో బడిబాట అని ఎండలో బస్తీలన్నీ తిరిగాను. గుడిసె గుడిసెకూ పోయి, బడి ఈడు పిల్లలుంటే పేర్లు రాసుకుని, తల్లుల గడ్డాలు పట్టుకుని, పిల్లల చేతులు పట్టుకుని బడికి తెచ్చాను. అలాంటి నా ఇంట్లో మనవడు ఏ రిజిస్టర్‌లోనూ లేడు. చిక్కడపల్లి మార్కెట్లో పాత టీచర్లు కనిపించి, "మనుమడు ఏ స్కూల్ల చదువుతున్నడు మేడం?" అని అడిగితే, "కొత్తగ వచ్చింది, విద్యానగర్ అవతల" అనేదాన్ని. పేరడిగితే ఒక పేరు కూడా చెప్పాను. లేని బడికి పేరు పెట్టడం అంత తేలికని నాకప్పటిదాకా తెలియదు.

మనీష సంగతికి వస్తాను.

మా పక్క ప్లాటులో అప్పుడు అపార్ట్‌మెంటు లేస్తోంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన మాసయ్య, బుగ్గమ్మ అక్కడే కింద రేకుల షెడ్డులో ఉండి కాపలా కాస్తూ పని చేసేవారు. వాళ్ళ పిల్ల మనీష. అప్పటికి ఏడేళ్ళు. ఊళ్ళో ఒకటో తరగతిలో పేరెక్కకుండానే నాలుగు నెలలు కూర్చుందట. అంతలో వీళ్ళు పట్నం బండెక్కారు.

మాధురి శశాంక్ కోసం చేతికంటని ఇసుక అని ఒక డబ్బా తెప్పించింది. ఊదారంగు ఇసుక. శశాంక్ దాన్ని రెండు రోజులు పిసికి, మూడో రోజు గోడ దూకి పక్క ప్లాటులోని ఇసుక కుప్పెక్కాడు. అక్కడ మనీష ఉంది. తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇసుక మెత్తి, పాదం మెల్లగా లాగి పిట్టగూడు చేస్తోంది. మాధురి వాణ్ణి తీసుకురావడానికి పోయి, అక్కడే పావుగంట నిలబడి వీడియో తీసుకుని వచ్చింది.

"అత్తమ్మా, ఆ పాపకు అన్నీ వస్తయి. మన దగ్గరికి రమ్మంటె శశాంక్‌కు తోడుంటది. పిల్లలకు తోడు లేకపోతే ఇంటి చదువు నడవదు."

ఆమె పోయి బుగ్గమ్మను అడిగింది. ఏమని అడిగిందో నాకు తెలియదు. బుగ్గమ్మకు అర్థమైంది మాత్రం ఇది. పెద్దింటి మేడం ఇంట్లో ఇంగ్లీషు బడి పెట్టింది, ఫీజు లేదు, మన పిల్లను తీసుకుంటానంటోంది.

మర్నాడు ఎనిమిదిన్నరకు మనీష వచ్చింది. తలకు కొబ్బరినూనె, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, ఉతికిన గౌను. చేతిలో పలక. ఊళ్ళో బడిదే, ఒక మూల విరిగింది. బల్ల ముందు బాసింపట్టు వేసుకుని, పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మాధురి ఆ పలక మెల్లగా తీసుకుని అల్మారా మీద పెట్టి, "ఇక్కడ ఇది అక్కరలేదు నాన్నా, ఇక్కడ అంతా ఆటనే" అని చేతికి రంగు కాగితాలు ఇచ్చింది.

ఆ పిల్ల చేతిలో విద్య ఉంది. జొన్నబెండుతో బండి చేసేది. తాటాకుతో బూర చుట్టేది. బతుకమ్మ పండుగప్పుడు గునుగుపూలకు రంగద్ది పేర్చడం మాధురికే నేర్పింది. అవన్నీ మాధురి వీడియోలు తీసి పెట్టేది. "రుతువుల బడి" అని వాటికి పేరు. తెలియనివాళ్ళు ఎవరెవరో ఎంత బాగుందో అని రాసేవారు. వీడియోలో మనీష చేతులు కనిపించేవి, శశాంక్ ముఖం కనిపించేది.

రోజూ పొద్దున కూర్చోగానే ఆ పిల్ల ఒకటే అడిగేది. "మేడం, ఇయ్యాల రాపిస్తరా?"

మాధురి నవ్వి బ్రష్షు ఇచ్చేది. మనీష బుద్ధిగా రంగులు వేసేది. మర్నాడు మళ్ళీ అడిగేది. కొన్నాళ్ళకు అది పలకరింపులాగా అయిపోయింది, ఎవరూ చెవిన పెట్టేవారు కాదు. నేనూ పెట్టలేదు.

ఇప్పుడు నా దొంగతనం చెప్పాలి. మాధురి తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుని వచ్చేసరికి అరగంట పడుతుంది. మామూలు రోజుల్లోనైతే ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు నేను శశాంక్‌ను వంటింట్లోకి పిలిచి, స్టీలు తాంబాళంలో బియ్యప్పిండి పరిచి, వేలు పట్టి అక్షరాలు దిద్దించేదాన్ని. అ నుంచి ఱ దాకా, గుణింతాలు, ఒత్తులు. బాత్రూం గడియ చప్పుడు వినబడగానే తాంబాళం కదిపితే అక్షరం మాయం. మిగిలిన పిండి సాయంత్రం అప్పాల్లో కలిసిపోయేది. వాడికీ ఆ గూఢచారి పని నచ్చింది. ఆరు నెలల్లో వాడు గల్లీలోని బోర్డులన్నీ చదవసాగాడు. కిరాయికి గది కలదు. అమ్మాయిల హాస్టల్. గ్రూప్ టూ కొత్త బ్యాచ్ సోమవారం నుండి.

మాధురి పొంగిపోయింది. "చూసిన్రా అత్తమ్మా, బలవంతం చెయ్యకుంటే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటరు." అది కూడా వీడియో పెట్టింది. ఎన్ని వందలమందో ఆశ్చర్యపోయారు. నేను చేతికంటిన పిండి కొంగుకు తుడుచుకుని, "అవునమ్మా" అన్నాను. మా ఆయన పేపరు చాటున దగ్గారు. ఆయనకు అంతా తెలుసు.

మనీష వచ్చేది ఎనిమిదిన్నరకు. నా దొంగబడి ఎనిమిదింటికే అయిపోయేది. ఆ పిల్లను అరగంట ముందు రమ్మనాలన్న ఆలోచన నాకు ఏడాదిపాటు రాలేదు. రాలేదని చెప్పడం కూడా సరికాదు. ఒకసారి వచ్చింది. పిల్ల నోరు జారి మాధురితో అంటుందేమో, ఇంట్లో గొడవెందుకు అని ఊరుకున్నాను.

మళ్ళీ జూన్ వచ్చింది. ఏరువాక పున్నమి ముందు రోజు. చార్టులో ఆ నెలకు సముద్రపు గవ్వలు ఉన్నాయి, కాని ఈసారి మాధురి చార్టు మాట వినలేదు. మట్టి ఎడ్లు చేయిద్దామని మనీషే చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఆ పండుగకు ఇంటింటా చేస్తారట. కొత్త బిల్డింగు లిఫ్టు గుంట తవ్వి పోసిన కుప్పలో మంచి బంకమట్టి ఉందని కూడా తనకే తెలుసు. మా కింద పార్కింగులో కూర్చుని పిల్లలిద్దరూ ఎడ్లు చేస్తున్నారు. నేను కుర్చీ వేసుకుని చూస్తున్నాను. గేటు దగ్గర గొడుగు ముడుస్తూ ఉదయశ్రీ కనిపించింది.

ఉదయశ్రీ నా చేతికింద తొమ్మిదేళ్ళు పనిచేసింది. నేను దిగిపోయాక ఆ బడికి ఇప్పుడు ఆమే పెద్ద టీచరు. చంకలో ఫైలు, చేతిలో కరపత్రాలు, ముఖం నిండా చెమట. బడిబాట.

"మేడం, మీ గల్లీకి వచ్చి మిమ్మల్ని చూడకుంట ఎట్ల పోత" అంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. మంచినీళ్ళు తాగింది. ఎడ్లను మెచ్చుకుంది. తర్వాత అలవాటుగా ఫైలు తెరిచి, పిల్లలను చూసి అడిగింది. "వీళ్ళు ఏ బడి మేడం?"

అడగాల్సిన మాటే. నేనే ఆమెకు నేర్పాను, పిల్ల కనబడితే అడగకుండా కదలొద్దని.  మా ఇంట్లో బడికి పోని పిల్లవాడున్నాడని ఈ ఉదయశ్రీ ముందు ఎలా చెప్పను? శశాంక్‌ను చూపించి విద్యానగర్ అవతల ఉన్న లేని బడి పేరు చెప్పాను.

"ఈ పాప?"

ఆ పాప ఏ బడికీ పోవడం లేదని చెబితే, మరి రోజూ బడి వేళకు మీ ఇంట్లో ఏం చేస్తోంది, వాడేం చేస్తున్నాడు అని మాట మీద మాట వస్తుంది. "ఆమె గూడ చదువుతున్నది" అన్నాను.

"మీరు చెప్పినంక ఇగ చూసేదేముంది మేడం" అని ఉదయశ్రీ ఇద్దరి పేర్లూ చదువుతున్నవాళ్ళ పట్టికలో రాసుకుని, గొడుగు విప్పుకుని పోయింది. ఆ గల్లీలో ఆమె వెతుక్కుంటూ వచ్చిన పిల్ల ఒక్కతే. ఆ ఒక్కతీ రెండడుగుల దూరంలో ఎద్దుకు కొమ్ములు పెడుతోంది.

గేటు చప్పుడయ్యాక మనీష మట్టిచేతులతో నా దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మా, ఆ మేడం నా పేరు రాసుకున్నదా?"

"రాసుకున్నది."

"అయితే నేను బడిల ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే" అన్నాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. తన ఎడ్లలో పెద్దది తెచ్చి నా కుర్చీ పక్కన పెట్టి పోయింది.

పది రోజులు గడిచాయి. అపార్ట్‌మెంటుకు రంగులు వేయడం అయిపోయింది. ఒక గురువారం సాయంత్రం బుగ్గమ్మ మా మెట్లెక్కి వచ్చి, చెప్పులు కిందే విడిచి, గుమ్మం దగ్గర నిలబడింది. పక్కన మనీష.

"ఆదివారం పోతున్నం టీచరమ్మా. మేస్త్రి నార్సింగి దిక్కు కొత్త పని పట్టిండు. పోయేటప్పుడు బడి కాయితం ఇస్తరంట గద. మా పిల్ల ఏడాది చదివె. ఆ కాయితమిస్తే ఆడ బడిల చూపిస్త."

టీసీ అడుగుతోంది. మా బాల్కనీకి టీసీ.

నేను నోరు తెరిచేలోపు మాధురి లోపలినుంచి వచ్చి, "తప్పకుండ ఇస్త బుగ్గమ్మా" అంది. నిజంగా సంబరపడింది. మందపాటి కాగితం తీసింది. అంచుల చుట్టూ పుస్తకాల మధ్య పెట్టి ఆరబెట్టిన తంగేడు రేకులు అతికించింది. మధ్యలో చక్కని తెలుగులో రాసింది. కింద సంతకం చేసి, కలం నాకు ఇచ్చింది.

"మీరు గూడ చెయ్యున్రి అత్తమ్మా. పెద్ద టీచర్ కింద."

చేశాను. చేయకపోతే ఏం చెప్పాలో తోచక చేశాను. ఇన్నేళ్ళు హాజరు పట్టీల మీదా నిజమైన టీసీల మీదా చేసిన సంతకమే, ఒక వంకర కూడా పోకుండా వచ్చింది.

బుగ్గమ్మ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఎన్నో తరగతని రాసిన్రు?" అని అడిగింది.

తరగతి రాయలేదు. శశాంక్ పరుగెత్తుకొచ్చి ఆమె మోచేతి కింద దూరి, గడగడా చదివేశాడు. "మనీష రుతువులతో స్నేహం చేసింది. వాన మాట విన్నది. మట్టిలో ఎద్దును చూసింది. ఆమె చేతులకు మా ప్రేమ."

బుగ్గమ్మ వాణ్ణే చూస్తూ ఉండిపోయింది. తర్వాత కాగితం మనీష ముందు పెట్టింది. "నువ్వు సదువు."

మనీష చదవలేదు.

"సదువే. పిల్లగాడు నీకన్న చిన్నోడు, ఎట్ల సదివిండు. ఇద్దరు ఒక్కతాన్నే కూసున్నరు గద. ఒక్క మేడమే గద చెప్పింది."

"ఇంక రాపియ్యలేదమ్మా" అంది మనీష, చాలా మెల్లగా. "ఇంక షురూ కాలేదు."

బుగ్గమ్మ ఆ పిల్ల నెత్తిమీద ఒక్కటిచ్చింది. గట్టిగా కాదు. "అబద్ధాలాడకు. ఏడాదంత పోయినవు. నీకు దిమాగ్ లేకపోతే మేడమ్మీద చెప్తవా?" అని, మా వైపు తిరిగి, "ఏమనుకోకున్రమ్మా, మీరు మంచిగనే చెప్పిన్రు, దీనికే ఎక్కలే" అని సిగ్గుపడుతూ అంది.

మనీష ఏడవలేదు. నా వైపు చూసింది. నేను చెబుతాననుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీద మండిందో వెతుక్కోవాల్సిన పని లేదు, ఆ మనిషి నా చీరే కట్టుకుని ఉంది.

"దాన్ని కొట్టకు బుగ్గమ్మా" అన్నాను. "దానికి ఎవ్వరు చెప్పలేదు. వీడు వాడంతట వాడు నేర్చుకోలే. పొద్దుగాల వంటింట్ల తలుపేసి నేను నేర్పిన. దీనికి నేర్పలే."

మా ఆయన పేపరు దించారు. మాధురి నన్ను చూసింది, శశాంక్‌ను చూసింది. వాడు, "పిండిలో" అని వివరం కూడా ఇచ్చాడు.

"ఏడాది నుంచా?" అంది మాధురి. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. పొట్టి బల్ల అంచుమీద కూర్చుండిపోయింది. కొంచెం సేపటికి, "రోజు అడిగేది గద. నేను బ్రష్షు ఇస్తుంటి" అంది. ఇంకాసేపటికి చిన్నపిల్లలాగా, "మనీష పోతే మరి శశాంక్‌కు తోడెవరు?" అని అడిగింది. ఆ రెండు మాటలూ నిజమే. ఏది ముందు వినాలో నాకు తెలియలేదు.

బుగ్గమ్మకు ఇదంతా అయోమయంగా ఉంది. ఆమెకు అర్థమైంది ఒక్కటే. "అయితే ఈ కాయితం నడ్వదా?"

"నడ్వదు" అన్నాను. "రేపు పొద్దుగాల పిల్లను తయారు చెయ్యి. నడిచే కాయితం ఇప్పిస్త. ఒక్కసారి బడిల పేరెక్కితే చాలు, మీరు నార్సింగి పోయినా ఇంకేడికి పోయినా అది దాని ఎంబడి వస్తది."

శుక్రవారం పొద్దున మనీషను తీసుకుని నారాయణగూడ నడిచాను. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. అల్మారా మీది పలక మాధురే దించి, దుమ్ము తుడిచి చేతికిచ్చింది. మెట్రో స్తంభాల నీడలో నడుస్తూ ఆ పిల్ల నన్ను ఏమీ అడగలేదు. నేనే లేనిపోని మాటలు మాట్లాడాను.

బడి ఆవరణలో పిల్లల గోల. నా పాత కుర్చీలో ఉదయశ్రీ. నన్ను చూసి లేచి నిలబడింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని తెలుసు. మొన్న అబద్ధం చెప్పానని. ఈ పాప ఎక్కడా చదవడం లేదని. విద్యానగర్ అవతల ఆ బడి లేదని, మా మనవడూ ఇంట్లోనే ఉన్నాడని. నా పరువు కోసం ఈ పిల్ల పేరు తప్పు పట్టికలో రాయించానని.

ఉదయశ్రీ ఫైలు తీసి, చదువుతున్నవాళ్ళ పట్టికలో మనీష పేరు కొట్టేసింది.  మనీష అప్పుడు ప్లాస్టిక్ కవర్‌లోంచి కాగితం తీసి టేబుల్ మీద పెట్టింది. తల్లి పంపింది, పనికొస్తుందేమోనని. ఒక తంగేడు రేకు రాలి హాజరు పట్టీ మీద పడింది. ఉదయశ్రీ కాగితం చదివి, అడుగున సంతకం దగ్గర ఆగింది.

"ఇది మీ సంతకమే గద మేడం."

"నాదే."

ఆమె కాగితాన్ని జాగ్రత్తగా మడిచి మనీషకే ఇచ్చింది. సొరుగులోంచి చేరిక ఫారం తీసి నా ముందు పెట్టింది. "మీరే నింపున్రి. మీ దస్తూరి మంచిగుంటది" అంది. అందులో వెటకారం ఉందో లేదో నేను అడగలేదు. ఉంటే ఉండనీ.

మనీష నా మోచేతిని ఆనుకుని నిలబడి, కలం పోయిన ప్రతిచోటికీ చూపు తీసుకుపోతోంది. రాసేదంతా పైకి చదువుతూ రాశాను. పిల్ల పేరు, మనీష. తండ్రి, మాసయ్య. తల్లి, బుగ్గమ్మ. వయసు, ఎనిమిది. తర్వాతి గడి, ఇంతకుముందు చదివిన బడి. అక్కడ పైకి చదవలేదు. రాసి, కలం ఎత్తాను.

మనీష ఆ గడి మీద వేలు పెట్టింది. ఫారం మొత్తంలో అదే అన్నిటికన్న చిన్న మాట.

"ఇది మీ ఇంటి బడి పేరా టీచరమ్మా?"

నా సంతకానికి, నా దస్తూరికి, నా ముప్పై నాలుగేళ్ళకు ఆ క్షణంలో సిగ్గేసింది. అవునంటే ఆ పిల్ల నమ్మేది.

"కాదు బిడ్డా" అన్నాను. "'లేదు' అని రాసిన. ఇప్పటిదాక ఏ బడిల గూడ నీ పేరెక్కలేదని."

మనీష కాసేపు ఆ మాటనే చూసింది. ఏడాది పొడవునా చేసిన ఎడ్లు, బండ్లు, బూరలు, పూలు దానిలో ఎక్కడున్నాయో వెతుకుతున్నట్టుంది. తర్వాత విరిగిన మూల చేతిలోకి వచ్చేలా పలక సర్దుకుని, నన్ను వదిలేసి, టేబుల్ అవతలికి పోయి ఉదయశ్రీ ముందు నిలబడింది.

"మేడం, ఇయ్యాల రాపిస్తరా?"